క్యారెట్లతో నిండిన ఉల్లి గిడ్డంగి

సంగాలదిన్నె ఉల్లి గిడ్డంగి మేనేజరు మద్దిలేటి తన సర్వీసు మొత్తంలో ఒక్క మెమో కూడా అందుకోని మనిషి. పైనుంచి ఏ ఉత్తర్వు వచ్చినా ముందు కళ్ళకద్దుకుని తర్వాత చదివేవాడు. చదివింది అర్థం కాకపోతే ఇంకా మంచిదనుకునేవాడు. అర్థమైన ఉత్తర్వుని తప్పితే పట్టుకుంటారు గానీ, అర్థం కానిదాన్ని ఎట్లా పాటించినా అడిగే దిక్కుండదని అతని అనుభవం. ఇంకో రెండేళ్ళు ఇట్లాగే ఒద్దికగా గడిపేస్తే పింఛను చేతికొస్తుంది.

అటువంటి మనిషి చేత శాఖవారు వ్యవసాయం చేయించారు. సెల్‌ఫోనులో.

దీనికంతటికీ మూలం గిడ్డంగుల శాఖ కమిషనరు చిదానందమూర్తిగారి విమానం ఆలస్యం కావడం. విమానాశ్రయంలో తోచక కూర్చున్న ఆయన, పక్క కుర్చీలో ఎవరో ఫోనులో ఆట ఆడుతుంటే మెడ సాచి చూశారు. ఆట పేరు 'బంగారు పొలం'. తెర మీద ఆరు మళ్ళు, ఒక ఆవు, ఒక కోడిపెట్ట, మూలన ఎర్ర పెంకుల గాదె. మడి మీద వేలు పెడితే విత్తనం మొలుస్తుంది, మళ్ళీ వేలు పెడితే కోత అవుతుంది, కోసిందంతా గాదెలోకి పోతుంది. గాదెలో పట్టేది కొంతే. నిండిందంటే కోడిపెట్ట గోడెక్కి "గాదె నిండిందహో!" అని కూస్తుంది. ఇక చేను కోయడానికి లేదు, ఆవుని పితకడానికి లేదు. ఏది దాచుకోవాలి, ఏది వదిలించుకోవాలి అన్న దాంట్లోనే ఆడేవాడి తెలివంతా ఉంది.

కమిషనరుగారికి విమానం ఎక్కేలోపల జ్ఞానోదయం అయింది. దిగేలోపల ఉత్తర్వు తయారైంది.

"గిడ్డంగుల నిర్వహణ యందు జాగా యొక్క ప్రాముఖ్యమును సిబ్బంది హృదయములందు నాటుటకై, ప్రతి గిడ్డంగి అధికారియు విధిగా పై ఆటను ఆడవలెను. ఆటయందలి గాదె, అసలు గిడ్డంగికి దర్పణముగా పరిగణింపబడును. గాదెలో జాగా లేని అధికారి, జాగా కల్పించుకొను వరకు, గిడ్డంగిలో సరుకు దించుకొనుటకు అనర్హుడు."

ఆ వారమే కమిషనరుగారు అధికారులందరినీ తెర మీదికి పిలిచి ప్రసంగించారు.

"జాగా అంటే నాలుగు గోడల మధ్య ఉండే ఖాళీ అని మీరనుకుంటున్నారు. పొరపాటు. జాగా ఒక మనఃస్థితి. అది ఉన్నవాడు అగ్గిపెట్టెలో కూడా ఆముదాల బస్తా పెట్టగలడు."

అందరూ చప్పట్లు కొట్టారు. కోస్తా నుంచి ఒక అధికారి ధైర్యం చేసి అడిగాడు. "సార్, ఆటలో గాదె నిండిపోయి, ఇక్కడ గిడ్డంగి ఖాళీగా ఉంటే?"

"ఆరు మళ్ళ పొలాన్ని సర్దుకోలేనివాడికి అంత పెద్ద గిడ్డంగి ఎట్లా అప్పగిస్తామండీ?" అన్నారు కమిషనరుగారు. అడిగినాయన మరుసటి నెల బదిలీ మీద ఏజెన్సీ అడవుల్లో తేలాడు.

ప్రాంతీయ మేనేజరు భాస్కరానంద్ ఇంకో అడుగు ముందుకేసి, అధికారులు రోజూ కోత కోసి తీరాలని ఆదేశించాడు. తక్కువ కోసినవాళ్ళ పేర్లు సాయంత్రానికి ఆఫీసు వాట్సాపులో ఎర్ర అక్షరాల్లో వచ్చేవి.

మద్దిలేటి కొత్త ఫోను కొన్నాడు. నాలుగు రోజులు తంటాలు పడ్డాక అతనికి ఒక రహస్యం తెలిసింది: ఆ ఆటలో అన్నిటికంటే తొందరగా కోతకొచ్చేది క్యారెట్టు. ఇటు పొయ్యి మీద టీ పొంగేలోపల అటు పంట రెడీ. ఆరు మళ్ళలోనూ క్యారెట్టే వేశాడు. టిఫిను తింటూ కోశాడు, బస్సులో కోశాడు, బంధువుల ఇంట పెళ్ళిలో అక్షింతలు ఎడమ చేత్తో వేసి కుడి చేత్తో కోశాడు. "కోతలో సంగాలదిన్నెను చూసి మిగిలినవాళ్ళు సిగ్గు తెచ్చుకోవాలి" అని భాస్కరానంద్ అందరికీ పంపిన రోజున, మద్దిలేటి ఆ మాటని ఇంట్లో రెండు సార్లు బిగ్గరగా చదివాడు. నౌకరీలో చేరాక అతన్ని పొగిడిన వాళ్ళు లేరు. తిట్టకపోవడమే ఇన్నాళ్ళూ పొగడ్త.

అంతలో ఒక పొద్దున కోడిపెట్ట గోడెక్కింది.

"గాదె నిండిందహో!"

అప్పుడు చూసుకున్నాడు. గాదె నిండా క్యారెట్లు. వదిలించుకుందామంటే, కంచె దగ్గరికి వచ్చే తలపాగా పెద్దాయన ఉత్త క్యారెట్లు కొనడు, హల్వా చేసి పెడితేనే కొంటాడు. హల్వాకి పాలు కావాలి. ఆవుని పితికితే పాలు గాదెలోకి పోవాలి. గాదెలో జాగా లేదు. గాదెని పెంచుదామంటే చెక్కలు కావాలి. చెక్కలు కోత కోసినప్పుడే దొరుకుతాయి. కోత కోయాలంటే గాదెలో జాగా కావాలి. ఎటు తిరిగినా కోడిపెట్టే ఎదురొచ్చింది.

పారబోయకుండా ఉండాలంటే ఒక్క దారుంది. రోడ్డు పక్క బండి మీద పెట్టి అయినకాడికి అమ్మేయొచ్చు. మద్దిలేటి ఆ బండి మీద వేలు పెట్టబోతుండగా భాస్కరానంద్ ఫోను చేశాడు.

"మద్దిలేటిగారూ, కారుచౌకగా అమ్మే ఆలోచన ఏమైనా చేస్తున్నారా? ఆటలో పండిందైనా ప్రభుత్వ సమయంలో పండింది కాబట్టి ప్రభుత్వ పంట. మద్దతు ధరకు తగ్గి అమ్మితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది."

"క్యారెట్టుకి మద్దతు ధర లేదు గదా సార్?"

"ఆటలో దానికి నిర్ణయించాం. కొనేవాడు వచ్చేదాకా ఆగండి."

ఆగుతుండగానే ఎర్రగడ్డల కాలం వచ్చేసింది. ఆఫీసు కాగితాల్లో ఉల్లి అని రాస్తారు గానీ ఆ సీమలో వాటిని ఎర్రగడ్డలే అంటారు. ఆ ఏడు మార్కెట్‌లో ధర ఎంత పడిపోయిందంటే, అమ్మినవాడు ట్రాక్టరు బాడుగకి చేతిలోంచి వేసుకోవాలి. నెలో రెండు నెలలో దాచుకోగలిగితే ధర లేస్తుందని అందరికీ తెలుసు. దాచుకోవడానికే ఆ గిడ్డంగి కట్టారు. గాలాడే జాలీ గోడలు, ఎత్తయిన అరుగు, రేకుల కప్పు.

మొదటి ట్రాక్టరు సుంకులమ్మది. మొగుడు పోయిన్నాటి నుంచి మూడెకరాలు తనే చేసుకొస్తున్న మనిషి, మాట కటువు, లెక్క ఖచ్చితం. ట్రాక్టరు దిగి నేరుగా గిడ్డంగి తలుపు సందులోంచి లోపలికి చూసింది. వెనక్కొచ్చి మద్దిలేటి బల్ల ముందు నిలబడింది.

"సారూ, తలుపు తీపిచ్చు. సరుకు దించుకోవల్ల."

"జాగా లేదు సుంకులమ్మా."

"యాడ లేదు? ఇప్పుడే జూసొస్తి. లోపల పిల్లులు పరుగు పందెం పెట్టుకుంటాండాయి."

"ఆ జాగా కాదమ్మా. ఇదీ." మద్దిలేటి ఫోను చూపించాడు. సుంకులమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇవేంటివి? ముల్లంగులా?"

"క్యారెట్లు."

"ఎవురివి?"

"నావే. అంటే, ప్రభుత్వానివి."

"ఈ బొమ్మ గడ్డలు పోతే గానీ నా గడ్డలు లోపలికి పోవంటావు."

"నేననడం లేదమ్మా. ఉత్తర్వు అట్లుంది."

"అయితే అమ్మేయి సారూ, ఎవురన్నా కొనుక్కోని బోతారు."

"మద్దతు ధర రాకుండా అమ్మకూడదు."

సుంకులమ్మ ఫోను తిరిగి అతని చేతిలో పెట్టింది. "బొమ్మ గడ్డకి మద్దతు ధర ఉండాదా సారూ? మాకు చెప్పలేదే ఎవురూ. చెప్పింటే మేమూ ఫోన్‌లోనే పండిస్తాంటిమి గదా."

మద్దిలేటి బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు. ఆవిడ ఖాళీ గిడ్డంగి ముందు ఎండలో బస్తాలు దింపించి, వాటి పక్కనే చీర కొంగు తలకి చుట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి ఇంకా నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. మర్నాటికి ఆవరణలో నడవడానికి చోటు లేదు. లోపల పిల్లులు మాత్రం హాయిగా ఉన్నాయి.

మద్దిలేటి భయం భయంగానే పైకి రాశాడు, క్యారెట్లని పారబోయడానికి అనుమతి ఇప్పించమని. ప్రభుత్వ పంటను పారబోయాలంటే పరిశీలక సంఘం చూసి పాడైపోయిందని తేల్చాలి. సంఘం వచ్చింది. ముగ్గురు నిపుణులు, మూడు కార్లు. ఆవరణలో బస్తాలు అడ్డంగా ఉన్నాయని చిరాకు పడి, వాటిని జరిపించి కార్లు లోపలికి పోనిచ్చారు.

"క్యారెట్లు ఎక్కడ?" అన్నాడు పెద్ద నిపుణుడు.

మద్దిలేటి ఫోను రెండు చేతులతో అందించాడు. ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి చూశారు. ఒకాయన కళ్ళజోడు మార్చుకుని మరీ చూశాడు.

"రంగు అమోఘం."

"ఒక్కదానికీ పుచ్చు లేదు. ఎన్నాళ్ళైంది కోసి?"

"నెల దాటింది సార్."

"నెల దాటినా మొలక రాలేదు, కుళ్ళు లేదు, తూకం తగ్గలేదు!" పెద్ద నిపుణుడు కిటికీలోంచి బయటికి వేలు చూపించాడు. "అదే బయట చూడండి. నాలుగు రోజులకే వాసనొస్తోంది. అంటే లోపం ఎక్కడుంది? నిల్వలో లేదు. పండించేవాడి దృక్పథంలో ఉంది."

సంఘం నివేదిక అక్కడే రాసింది. క్యారెట్లు దివ్యంగా ఉన్నవి, పారబోయుటకు వీలు లేదు, కుళ్ళని రకములను పండించునట్లు రైతులను చైతన్యపరచవలెను.

వాళ్ళు వెళ్తుంటే సుంకులమ్మ కారుకి అడ్డంగా నిలబడింది. పెద్ద నిపుణుడు అద్దం దించి, "కుళ్ళని రకం వేయండమ్మా" అన్నాడు ఆప్యాయంగా.

"విత్తనాలు యాడ దొరుకుతాయి సామీ?" అంది సుంకులమ్మ. ఆయన అద్దం ఎక్కించుకున్నాడు.

రెండు రోజులకి పడమటి నుంచి మబ్బు కమ్మింది. పట్టపగలే చీకటి పడినట్టయింది. ఆవరణలో గగ్గోలు. కొందరు పట్టలకి పరుగెత్తారు, కొందరు దుప్పట్లు కప్పారు. ఎర్రగడ్డ ఒకసారి తడిసిందంటే ఇక పశువులకి కూడా పనికి రాదు. మద్దిలేటి భాస్కరానంద్‌కి ఫోను చేశాడు.

"సార్, వానొస్తోంది. సరుకంతా బయటుంది."

"ఆటలో చూశారా? వాన పడుతోందా?"

మద్దిలేటి చూశాడు. ఆరు మళ్ళ మీదా సూర్యుడు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. "లేదు సార్. ఎండ."

"మరి ఆందోళన దేనికి?" భాస్కరానంద్ ఫోను పెట్టేశాడు.

మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి. సుంకులమ్మ దగ్గర పట్ట లేదు. వంటి మీది చీర కొంగు తీసి ఒక బస్తా మీద పరిచింది. ఒక కొంగు ఎన్ని బస్తాలకి వస్తుంది? ఇంకో చివర పట్టుకుని పక్క బస్తా మీదికి లాగింది, ఇటుది బయటపడింది. మళ్ళీ ఇటు లాగింది. మద్దిలేటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. మెమో గుర్తొచ్చింది, పింఛను గుర్తొచ్చింది, ఏజెన్సీకి పోయినాయన గుర్తొచ్చాడు. ఆవిడ కొంగు మళ్ళీ అటు లాగింది.

"ఖాజా!" అని కేక పెట్టాడు. వాచ్‌మన్ ఖాజా పరుగున వచ్చాడు. "తాళాలెక్కడ?"

"నా మొలతాడుకే ఉన్నాయి సార్. ఫోన్లో లేవు."

"తియ్యి."

తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరి బస్తా ఎవరిదో చూడకుండా అందరూ అందరివీ మోశారు. నౌకరీలో చేరాక ఎప్పుడూ బస్తా ముట్టని మద్దిలేటి కూడా ఒకటి భుజానికెత్తుకుని, రెండడుగులేసి కూలబడ్డాడు, మళ్ళీ లేచాడు. వాన ధారలు కట్టేసరికి ఆవరణ ఖాళీ అయింది, గిడ్డంగి నిండింది.

"నిల్వ చేసినట్టు కాదిది" అన్నాడు మద్దిలేటి రొప్పుతూ. "వాన తగ్గేదాకా పక్కన పెట్టాం, అంతే."

"పేరేదైతేనేం సారూ" అంది సుంకులమ్మ కొంగు పిండుకుంటూ.

వాన తగ్గింది. సరుకు తీయమని చెప్పడానికి మద్దిలేటికి నోరు రాలేదు. ధర లేవందే వాళ్ళు తీసేలా లేరు. శాఖవారు ఆటకి ముడిపెట్టిన కంప్యూటరులో సరుకు ఎక్కిద్దామంటే గాదె నిండింది కాబట్టి అది ఒప్పుకోదు. కాబట్టి లెక్క ప్రకారం గిడ్డంగిలో ఒక్క గడ్డ లేదు. లోపలికి వెళితే కప్పుదాకా ఉన్నాయి. మద్దిలేటికి అన్నం సయించడం మానేసింది. ఫోను మోగినప్పుడల్లా మెమో అనుకునేవాడు.

చివరికి భాస్కరానంద్ నుంచి ఫోను రానే వచ్చింది. మద్దిలేటి లేచి నిలబడి తీశాడు.

"మద్దిలేటిగారూ, శుభాకాంక్షలు! ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఒక్క బస్తా కూడా లోపలికి రానివ్వని గిడ్డంగి మొత్తం రాష్ట్రంలో మీదే. మిగిలినవాళ్ళు జాగా అంతా సరుకుతో పాడు చేసుకున్నారు. కమిషనరుగారు కదిలిపోయారు. మీకు 'జాగా రత్న' బిరుదు. స్వయంగా వచ్చి, ఆ ఖాళీలోనే, ఆ ఖాళీని చూస్తూ ఇస్తారట!"

సన్మానం నాటి పొద్దున్నే భాస్కరానంద్ ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. ఖాజా తలుపు తీశాడు. భాస్కరానంద్ బస్తాల గోడ ముందు ఆగిపోయాడు. ఆహ్వాన పత్రికలో కమిషనరుగారి కింద ఉన్నది తన పేరే. మద్దిలేటి చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. భాస్కరానంద్ రెండు నిమిషాలు ఆలోచించి, ఇరవయ్యేళ్ళ అనుభవం గల అధికారిలాగా తేరుకున్నాడు.

"ఏమిటివి?"

"బస్తాలు సార్."

"కాదు. ఇది వేదిక. కొంచెం ఎత్తుగా ఉంది, పైవరసలు వెనక్కి సర్దించి తివాచీ పరిపించండి. వెనకున్నది తెర. దాని మీద కమిషనరుగారి బొమ్మ కట్టండి."

అలా ముందు వరసల్లో ఉన్న సుంకులమ్మ బస్తాల మీద పలకలు, పలకల మీద ఎర్ర తివాచీ పడ్డాయి. సభకి జనం కావాలి కాబట్టి రైతుల్నే తలుపు ముందు ఆవరణలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. సుంకులమ్మ ముందు వరసలో, వేదిక కాళ్ళుండాల్సిన చోటుకేసి చూస్తూ కూర్చుంది.

కమిషనరుగారు నిండైన మనిషి. వేదిక ఎక్కగానే కింద ఏదో మెత్తగా నలిగింది. "ఏదో వాసన?" అన్నారు.

"మట్టి వాసన సార్" అన్నాడు భాస్కరానంద్. "ఆటలోని పొలాన్ని తలపించేలా ఏర్పాటు చేయించాం."

పరిశీలక సంఘం ముగ్గురూ ఎక్కారు. ఇంకా పెద్దలు ఎక్కారు. కమిషనరుగారికి ముఖ్యమైన మాటకల్లా కాలు నేలకేసి కొట్టే అలవాటుంది.

"మిత్రులారా! గిడ్డంగి దేనికి? సరుకు కోసం అంటాడు పామరుడు." కాలితో కొట్టారు. కింద బస్తా చితికింది. "నింపడం ఎవడైనా చేస్తాడు. ఖాళీని కాపాడటం యోగం!" మళ్ళీ కొట్టారు.

పెద్ద నిపుణుడు ముందు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత పక్కాయన. భాస్కరానంద్ జేబురుమాలు తీశాడు. ముందు వరసల రైతుల కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. కమిషనరుగారు సభని కలయజూశారు. ఎటు చూసినా కన్నీళ్ళు.

"ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో, నా మాటలకు ఇంత స్పందన..." ఆయనకీ ధార కట్టింది. "ఈ రైతన్నల కన్నీటి మీద ఆన! ఈ విధానం ఇక్కడితో ఆగదు. రేషను దుకాణాలకు సిఫారసు చేస్తాను. ఆసుపత్రులకు చేస్తాను. ఆటలో మంచం ఖాళీ ఉంటేనే వార్డులో రోగికి మంచం!" ఆ మాటకి కాలు మరీ గట్టిగా పడింది. సభ మొత్తం వెక్కింది.

మద్దిలేటికి శాలువా కప్పి, ఇత్తడి గాదె బొమ్మ చేతిలో పెట్టారు. మాట్లాడమన్నారు. అతను మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా సుంకులమ్మ తుడుచుకోకుండా కళ్ళలో నీళ్ళతో అతని కాళ్ళకేసే చూస్తోంది. అతనికి తన బరువు తెలిసింది. ఒక కాలు ఎత్తాడు. రెండోది ఎత్తడానికి వీల్లేదు. శాలువాతో మొహం కప్పుకుని వేదిక దిగేశాడు. వినయం అని అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంకో నెలకి ధర లేచింది. బాగానే లేచింది. ట్రాక్టర్లు వరస కట్టాయి. సరుకు బయటికి పోవాలంటే గేటు పాసు కావాలి, వచ్చినట్టు లెక్క లేని సరుకుకి కంప్యూటరు పాసు ఇవ్వదు. ఖాజా ఏం చేయమంటారని అడిగాడు. మద్దిలేటి జీవితంలో మొదటిసారి ఎవరినీ అడక్కుండా చెప్పాడు. "రానిది పోవడానికి పాసెందుకు? గేటు తియ్యి."

సుంకులమ్మ సరుకు చివరన కదిలింది. వేదిక కింద ఉన్న బస్తాలు చితికి, కారి, కుళ్ళిపోయాయి. వాటిని వేరు చేసి ఆవరణ అవతల గుంటలో వేయించింది. మద్దిలేటి వెనకాలే వెళ్ళి నిలబడ్డాడు.

"నీ బస్తాలే ఎక్కువ పోయినాయమ్మా" అన్నాడు.

సుంకులమ్మ చేతులు దులుపుకుంది.

"పెద్దోళ్ళు నిలబడిన చోటు గదా సారూ. కిందుండేటివి నలక్కుండా యాడుంటాయి?"

ట్రాక్టరెక్కి కూర్చుని, పోనిమ్మంది.